కంటి పరీక్ష: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది బరంపురం. పట్టు మగ్గాల వీధిలో పుట్టాను. 14 ఏళ్ళుగా కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షించే పని చేస్తున్నాను. డాక్టరు గదిలోకి వెళ్ళే ముందు అందరూ కూర్చునేది నా ఎదురుగానే. డాక్టర్ని అడగడానికి మొహమాటపడి ఆ ప్రశ్నలన్నీ నన్ను అడుగుతారు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేవి, వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఇది చదివి ఎవరికి వారు మందులు వేసుకోవద్దు. పరీక్షకి మాత్రం వెళ్ళండి.

నాకు కళ్ళు బాగానే కనిపిస్తున్నాయి. నొప్పి లేదు, ఎరుపు లేదు. అయినా పరీక్ష ఎందుకు?

మా నాన్నగారూ ఇదే మాట అనేవారు. ఒకరోజు సాయంత్రం మగ్గం మీద ఉండగా కుడి కంట్లో నలుసు పడింది. అరచేత్తో ఆ కన్ను మూసుకుని ఎడమ కంటితో చూశారు. ఎదురుగా నేత మధ్యలో జానెడు మేర తప్ప మిగతాది ఆయనకి తెలియలేదు. పడుగు అంచులు కనిపించలేదు, పక్కన నిలబడ్డ నేనూ కనిపించలేదు. "అమ్మా, ఎక్కడున్నావు?" అన్నారు. ఆయన మోచేతికి ఆనుకునే ఉన్నాను.

పరీక్షలో నీటికాసులు అని తేలింది. దీన్నే గ్లాకోమా అంటారు. ఎడమ కంటి నరం అప్పటికే చాలావరకు పోయింది. ఎప్పటినుంచి పోతోందో ఆయనకీ తెలియదు, మాకూ తెలియదు. అంతకుముందు రెండేళ్ళలో మూడుసార్లు ఒక షాపులో కళ్ళజోడు మార్పించాం. మూడుసార్లూ నంబరు చూశారు, అద్దాలు ఇచ్చారు. కంటి లోపలి నరాన్ని ఎవరూ చూడలేదు, చూడమని మేమూ అడగలేదు. నేను ఈ పనిలోకి రావడానికి కారణం ఆ సాయంత్రమే.

రెండు కళ్ళూ తెరిచి ఉన్నప్పుడు ఒకదాని లోటు రెండోది పూడుస్తుంది. అందుకే మనకి తెలియదు. కళ్ళకలక వస్తే మంట, ఊసులు, నీళ్ళు. వెంటనే పరుగెత్తుతాం, చాలామందికి వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. చూపుని తిరిగి రాకుండా తీసుకుపోయే జబ్బులు మాత్రం మొదట్లో ఏ బాధా పెట్టవు. నీటికాసులు అంతే, షుగర్ వల్ల రెటీనా (కంటి లోపల వెనక ఉండే పొర) దెబ్బతినడమూ అంతే. నొప్పి కోసం ఎదురుచూస్తే వాటి విషయంలో ఆలస్యమైపోతుంది.

ఇంట్లో ఒక చిన్న పని చేయండి. నెలకోసారి ఒక కన్ను మూసి గోడ మీద కేలండరు చూడండి, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. రెండు కళ్ళకీ తేడా ఉంటే ఆ వారమే ఆసుపత్రికి వెళ్ళండి. తేడా లేకపోయినా పరీక్ష మానకండి. మొదటి దశలో ఉన్న నీటికాసులు ఈ కేలండరు చూపుకి దొరకవు.

ఎంత వయసులో, ఎన్నాళ్ళకోసారి చూపించుకోవాలి?

బడిలో వేసే ముందు ఒకసారి, బడికెళ్ళే వయసులో ఏడాదికోసారి. 40 దాటాక ఏ ఇబ్బందీ లేకపోయినా రెండేళ్ళకోసారి. 60 దాటాక ఏటా. షుగర్ ఉంటే వయసుతో పని లేదు, జబ్బు తెలిసిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత ఏటా. అమ్మకి గానీ నాన్నకి గానీ, అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్ళకి గానీ నీటికాసులు ఉంటే 40 దాకా ఆగకుండా ఇప్పుడే చూపించుకుని, మళ్ళీ ఎప్పుడు రావాలో డాక్టర్ని అడగండి.

కొన్ని మందులు వాడేవాళ్ళూ ఈ లెక్కలోకి వస్తారు. టీబీ మందుల్లో ఇథాంబుటాల్ అనేది ఒకటుంది. అది కొందరిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. ఆ కోర్సులో ఉండగా చూపు మసకబారినా, ఎరుపు, ఆకుపచ్చ రంగులు వెలిసినట్టు కనిపించినా మందు ఇచ్చిన డాక్టరుకి అదే రోజు చెప్పాలి. కీళ్ళవాతానికి హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి రెటీనా పరీక్ష కావాలి. స్టెరాయిడ్ మాత్రలు, ఆస్తమా మందులు ఏం వాడుతున్నా దాచకుండా చెప్పండి.

కళ్ళజోడు షాపులో కంప్యూటర్ పరీక్ష చేశారు. అది చాలదా?

ఆ మిషను అద్దాల నంబరు ఎంత ఉండొచ్చో ఒక అంచనా ఇస్తుంది. కంటి ప్రెషర్ చెప్పదు, నరం చూడదు, రెటీనా చూడదు. నంబరు కోసం షాపుకి వెళ్ళడంలో తప్పు లేదు. కానీ దాన్ని కంటి పరీక్ష అనుకోవద్దు. మా నాన్నగారి విషయంలో జరిగిన పొరపాటు సరిగ్గా అదే.

ఆసుపత్రిలో ఏమేం చేస్తారు? మా అమ్మకి ఒడియా అక్షరాలు రావు.

ముందుగా 6 మీటర్ల దూరంలో పెట్టిన అక్షరాల పట్టీ చదివిస్తారు. గది చిన్నదైతే అద్దంలో చూపిస్తారు. 1862లో స్నెల్లెన్ అనే డచ్ కంటి డాక్టరు తయారుచేసిన పద్ధతి ఇది. కాగితం మీద 6/6 అని రాస్తే దూరపు చూపు బాగున్నట్టు. 6/60 అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి గుర్తుపట్టగలిగిన అక్షరాన్ని మీరు 6 మీటర్ల దగ్గరికి వస్తే గానీ గుర్తుపట్టలేకపోతున్నారని.

ఇక అక్షరాల సంగతి. ఇది మన వైపు ఉన్న ఇబ్బంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఇక్కడి చాలా చోట్ల పట్టీ ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. తెలుగు చదువుకున్న పెద్దవాళ్ళు సిగ్గుపడి, "కనిపించడం లేదు" అనేస్తారు. అక్షరం కనిపిస్తోంది గానీ అది ఏమిటో తెలియడం లేదని చెప్పరు. దాంతో చూపు ఉన్నదాని కంటే తక్కువ అని రాసుకుంటారు, నంబరు తప్పుతుంది. ఒకసారి పాతపట్నం వైపు నుంచి వచ్చిన ఒక మామ్మగారు మొదటి వరుస దగ్గరే తల అడ్డంగా ఊపేశారు. దువ్వెనలాగా మూడు పళ్ళున్న ఇంగ్లీషు 'ఈ' (E) బొమ్మ పట్టీ పెట్టి, "పళ్ళు ఏ వైపు ఉన్నాయో చెయ్యి తిప్పి చూపించమ్మా" అన్నాను. కింది నుంచి రెండో వరుస దాకా గబగబా చెయ్యి తిప్పేశారు. చాలా ఆసుపత్రుల్లో ఆ పట్టీ ఉంటుంది. "అక్షరాలు రావు, ఈ పట్టీ పెట్టండి" అని అడగండి, చాలు.

తర్వాత కంటి ప్రెషర్ చూస్తారు. కొన్ని చోట్ల మిషను కంటి మీదకి ఫుస్సుమని గాలి కొడుతుంది, ఉలిక్కిపడతారు గానీ నొప్పి ఉండదు. కొన్ని చోట్ల మొద్దుబారే చుక్క వేసి నీలిరంగు దీపంతో చూస్తారు. సాధారణంగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. స్లిట్ ల్యాంప్ అనే మైక్రోస్కోపు ముందు గడ్డం ఆనించి కంటి ముందు భాగం చూస్తారు. ఆఖర్న కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, అరగంట కూర్చోబెట్టి, లోపలి రెటీనా, నరం చూస్తారు.

ఆ చుక్కలు వేస్తే చూపు పోతుందేమోనని భయం. వేయించుకోకపోతే ఏం?

పోదు. నాలుగైదు గంటలు దగ్గరివి మసగ్గా ఉంటాయి, ఎండ చూస్తే కళ్ళు జిగేల్మంటాయి. తర్వాత మామూలైపోతుంది. తలుపు సందులోంచి ఇల్లంతా చూడలేం కదా, పాప చిన్నగా ఉంటే రెటీనా అంచులు అలాగే కనిపించవు. కాబట్టి వేయించుకోండి. ఒక్కరే బైకు మీద రాకండి, తోడు తెచ్చుకోండి, నల్ల కళ్ళద్దాలో గొడుగో దగ్గర పెట్టుకోండి. నీటికాసులు వచ్చే ఆకారంలో కన్ను ఇరుకుగా ఉన్న కొందరికి ఈ చుక్కలు వేయకముందే జాగ్రత్త కావాలి. డాక్టరు ముందే స్లిట్ ల్యాంప్ దగ్గర అది చూసుకుంటారు.

40 దాటాక సూదిలో దారం ఎక్కడం లేదు. కళ్ళజోడు పెడితే అలవాటైపోయి చూపు ఇంకా తగ్గుతుందంటారు, నిజమేనా?

నిజం కాదు. ఇది చత్వారం. కంటిలోని కటకం వయసుతో గట్టిపడి, దగ్గరివాటి మీదకి చూపు నిలపలేకపోవడం. జబ్బు కాదు, అందరికీ వచ్చేదే. అద్దాలు పెట్టినా పెట్టకపోయినా 60 దాకా నంబరు నెమ్మదిగా పెరుగుతుంది.

ఇది చిన్న విషయంగా కొట్టిపారేస్తే నాకు బాధ. మా వీధిలో మగ్గం మానేసిన వాళ్ళలో కొందరు కేవలం చత్వారం వల్లే మానేశారు. పట్టుపోగు వెంట్రుక కంటే సన్నం. తెగితే కనిపించాలి, వేళ్ళతో అతకాలి. కనిపించక పని తప్పులైతే షావుకారు మాట అంటాడు, మనిషి సిగ్గుపడి "ఇక చాలు, పెద్దవాణ్ణయ్యాను" అని లేచిపోతాడు. అదేదో చేతికి వచ్చిన ముసలితనం అనుకుంటాడు. చేతులు బాగానే ఉన్నాయి, కావలసింది ఒక జత అద్దాలు. టైలరుకి, బియ్యంలో రాళ్ళు ఏరే అమ్మకి, జీడిపప్పు పొట్టు తీసే అప్పలకి కూడా ఇదే మాట చెబుతాను. అద్దాలతో పాటు పూర్తి పరీక్షా చేయించుకోండి, ఎందుకంటే నీటికాసులు మొదలయ్యే వయసూ ఇదే.

మా తాతగారికి ఈమధ్య కళ్ళజోడు లేకుండానే పేపరు కనిపిస్తోంది. చూపు తిరిగొచ్చిందని సంతోషంగా ఉన్నారు.

సంతోషం చెడగొట్టడం ఇష్టం లేదు గానీ, అది చాలాసార్లు శుక్లం మొదలైన గుర్తు. కటకం మధ్యలో గట్టిపడి దగ్గరి చూపు కొన్నాళ్ళు బాగుపడినట్టు ఉంటుంది, దూరం మసకబారుతుంది. వీధి చివర మనిషిని పోల్చుకోగలుగుతున్నారేమో అడిగి చూడండి. రాత్రి బండి లైట్లు ఎదురుగా వస్తే చెదిరిపోయినట్టు కనిపించడం, తెల్ల పంచె పసుపు పట్టినట్టు కనిపించడం, అద్దాల నంబరు మాటిమాటికీ మారడం కూడా శుక్లం గుర్తులే.

శుక్లం బాగా ముదిరాక ఆపరేషన్ చేయిస్తే మంచిదంటారు. ఆగాలా?

ఇది పాతకాలపు మాట. అప్పట్లో చేసే పద్ధతికి ముదిరిన శుక్లం అనుకూలంగా ఉండేది, అందుకు ఆగమనేవారు. ఇప్పుడు రోజూ చేసుకునే పనులకి అడ్డం వస్తోందంటే అదే సమయం. వంట దగ్గర, మెట్ల దగ్గర, రోడ్డు దాటే దగ్గర ఇబ్బంది మొదలైతే చేయించుకోవచ్చు. మరీ ముదిరితే కటకం రాయిలా గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది. కొందరిలో అది ఉబ్బి లేదా కారి కంటి ప్రెషర్ పెంచుతుంది, నొప్పితో వస్తారు, నరం దెబ్బతింటుంది. బాగయ్యే కన్నుని చేజేతులా పోగొట్టుకోవడం అది. అలాంటి కన్ను చూసిన రోజు నాకు అన్నం సయించదు.

చుక్కల మందుతో శుక్లం కరగదు. కరుగుతుందని సంతలో అమ్మే సీసాలు కొనకండి. ఆపరేషన్ సాధారణంగా 15, 20 నిమిషాల పని. మత్తు ఆ కంటికి మాత్రమే. మసకబారిన కటకం తీసి అక్కడే కృత్రిమ లెన్సు పెడతారు. ఫేకో పద్ధతిలో గాటు రెండు మూడు మిల్లీమీటర్లే, కుట్టు ఉండదు. బాగా గట్టిపడిన శుక్లాలకి చిన్నగాటు పద్ధతి ఇంకొకటి ఉంది. అది ప్రభుత్వాసుపత్రుల్లోనూ క్యాంపుల్లోనూ ఎక్కువగా చేస్తారు. మంచి చేతుల్లో అదీ మంచి ఫలితమే ఇస్తుంది. "ఫ్రీ ఆపరేషన్ కదా, తక్కువ రకమేమో" అని వెనకాడకండి. తర్వాత కొన్ని వారాలు చుక్కలు వేళకి వేయడం, కంట్లోకి నీళ్ళు పోనీయకపోవడం, కన్ను నలపకపోవడం, ఇవి మీ చేతిలో పని. ఆపరేషన్ అయ్యాక చూపు బాగుపడి, రెండు మూడు రోజులకి మళ్ళీ తగ్గినా, నొప్పి పెరిగినా తెల్లారేదాకా ఆగొద్దు.

నెలలో, ఏళ్ళో గడిచాక మళ్ళీ మసక రావచ్చు. శుక్లం తిరిగి రాలేదు, లెన్సు వెనక పొర మందమైంది. లేజర్‌తో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు.

ఎండాకాలంలో ఆపరేషన్ చేయించుకోకూడదా?

ఏ కాలమైనా ఫర్వాలేదు. కోతలు, పెళ్ళిళ్ళు చూసుకుని మీకు విశ్రాంతి దొరికే రోజులు ఎంచుకోండి.

నీటికాసులకి మందు వేస్తే పోయిన చూపు వస్తుందా?

రాదు. ఇది చెప్పేటప్పుడు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. కంటి నుంచి మెదడుకి వెళ్ళే నరం పోగులు చచ్చిపోతాయి, అవి మళ్ళీ పుట్టవు. మందు పని మిగిలిన చూపుని కాపాడడం. మా నాన్నగారి కుడి కన్ను ఇప్పటికీ పనిచేస్తోందంటే రోజూ రాత్రి 9 గంటలకి పడే ఒక చుక్క వల్లే. తప్పిపోకుండా అమ్మ సీసాని దేవుడి గూట్లో పెట్టేది, దీపం పెట్టినట్టే అదీ ఒక నియమం అయింది.

జనం ఎక్కువగా చేసే తప్పు మందు మానేయడం. చుక్క వేస్తే కంటికి తేడా తెలియదు, మానేసినా తెలియదు, దానికి తోడు డబ్బు ఖర్చు. రెండు సీసాలయ్యాక ఆపేస్తారు. ఏడాది తర్వాత వస్తారు, పొలం మేర తగ్గినట్టు చూపు తగ్గి ఉంటుంది. ఖర్చు భారమైతే మానకండి, చవక మందు రాయమని అడగండి. జెనరిక్ చుక్కలు ఉన్నాయి, కొందరికి లేజర్ లేదా ఆపరేషన్ దారి ఉంది.

ప్రెషర్ 21 లోపు ఉన్నా ఈ జబ్బు రావచ్చు. అందుకే ప్రెషర్ ఒక్కటే చూసి పంపేయకూడదు, నరం చూడాలి, అనుమానముంటే చుట్టుపక్కల ఎంత మేర కనిపిస్తోందో చూసే ఫీల్డ్ టెస్టు చేయాలి. ఇంట్లో ఒకరికి ఉంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు అందరూ రావాలి. నాన్నగారికి తేలాక మా అత్తని బలవంతంగా లాక్కొచ్చాం. ఆమెకీ మొదలైంది, కానీ చూపు ఏమీ పోలేదు. 11 ఏళ్ళయింది, ఇప్పటికీ తడుముకోకుండా ముగ్గు వేస్తుంది.

దీన్లోనే ఇంకో రకం ఉంది, అది హఠాత్తుగా వస్తుంది. ఒక కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పి, అదే వైపు తలనొప్పి, వాంతులు, బల్బు చుట్టూ రంగుల వలయాలు. వాంతుల వల్ల గ్యాస్ అనుకుని పొట్టకి మందు వేసి పడుకోబెడతారు. గంటల్లో చూపు పోవచ్చు. రాత్రయినా బండి కట్టించండి.

షుగర్ ఉంది కానీ చూపు స్పష్టంగా ఉంది. ఏడాదికోసారి రెటీనా పరీక్ష అవసరమా?

తప్పకుండా. షుగర్ వల్ల రెటీనాలోని సన్నటి రక్తనాళాలు కారుతాయి, మూసుకుపోతాయి, ఆ తర్వాత బలహీనమైన కొత్త నాళాలు పుట్టి చిట్లుతాయి. చిట్లిన రోజున కంటి ముందు సాలెగూడు కట్టినట్టు, సిరా ఒలికినట్టు అవుతుంది. అప్పటిదాకా 6/6 చదివినవాళ్ళని నేను చూశాను. ముందే దొరికితే షుగర్, బీపీ అదుపు, అవసరమైతే లేజర్, కంట్లో ఇంజెక్షన్లతో చాలామందికి చూపు నిలబెట్టవచ్చు. గర్భం దాల్చిన షుగర్ తల్లులు మొదటి మూడు నెలల్లోనే రెటీనా చూపించుకోవాలి.

ఇంకొక మాట. షుగర్ బాగా ఎక్కువగా ఉన్న రోజుల్లో కళ్ళజోడు చేయించకండి. షుగర్‌తో పాటు నంబరూ మారుతుంది. అదుపులోకి వచ్చి కొన్ని వారాలు నిలకడగా ఉన్నాక చేయిస్తే డబ్బు వృథా కాదు.

గుంటడికి ఆరేళ్ళు. వాడేమీ చెప్పడు. చూపు తక్కువని ఎలా తెలుస్తుంది?

పుట్టినప్పటినుంచి మసగ్గా చూసిన పిల్లవాడికి లోకం అంతేననిపిస్తుంది, అందుకే చెప్పడు. టీవీకి అతుక్కుని కూర్చోవడం, తల ఒక పక్కకి వాల్చి చూడడం, కళ్ళు చికిలించడం, బోర్డు మీదది వదిలేసి పక్కవాడి పుస్తకం చూసి రాయడం గమనించండి. ఒక కన్ను మూస్తే ఊరుకుని, రెండోది మూస్తే ఏడ్చి చెయ్యి తోసేస్తే, తోసేసినప్పుడు తెరిచి ఉన్న కన్ను బలహీనమైనదని అర్థం.

మెల్లకన్ను అదృష్టమని మనవాళ్ళు వదిలేస్తారు. వదిలేస్తే మెదడు ఆ కంటిని వాడడం మానేస్తుంది. దాన్నే లేజీ ఐ అంటారు. ఏడెనిమిదేళ్ళ లోపు మంచి కంటికి పట్టీ వేసి, అద్దాలిచ్చి, బలహీనమైన కంటిని పనిలో పెడితే బాగా కోలుకుంటుంది. వయసు పెరిగే కొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. ఆడపిల్లకి కళ్ళజోడు పెడితే పెళ్ళి కాదని అద్దాలు దాచేసే తల్లులు ఇప్పటికీ వస్తున్నారు. అమ్మా, చదువు ఆగిపోతే అంతకంటే నష్టం.

కంటిపాపలో తెల్లటి మెరుపు కనిపించినా, ఫోన్లో ఫ్లాష్‌తో ఫొటో తీస్తే ఒక కన్ను తెల్లగా మెరిసినా ఒక్కరోజు కూడా ఆగకండి. పిల్లల్లో వచ్చే కంటి క్యాన్సర్ అలా బయటపడుతుంది. నెలలు నిండకుండా, 34 వారాల లోపు గానీ 2 కిలోల కంటే తక్కువ బరువుతో గానీ పుట్టిన బిడ్డకి 30 రోజుల లోపే రెటీనా పరీక్ష జరగాలి. మరీ తక్కువ నెలలకి పుడితే ఇంకా ముందే. డిశ్చార్జ్ కాగితంలో రాయకపోయినా మీరే అడగండి.

రేచీకటి రాకుండా 9వ నెల నుంచి 5 ఏళ్ళ దాకా ఆశా దీదీ, అంగన్‌వాడీ దగ్గర విటమిన్ ఏ మందు పోస్తారు, మొత్తం 9 మోతాదులు. మునగాకు, తోటకూర, బొప్పాయి పెరట్లోనే ఉంటాయి.

కోతలప్పుడు కంట్లో వడ్లగింజ కొట్టుకుంది. ఏం వేయాలి?

చనుబాలు వద్దు, ఆముదం వద్దు, నందివర్ధనం పూల రసం వద్దు, పక్కింటివాళ్ళ చుక్కల సీసా అసలే వద్దు. శుభ్రమైన నీళ్ళతో కడిగి, ఒకరోజులో తగ్గకపోతే చూపించండి. వరి ఆకు, ఊక, కొమ్మ గీసిన పుండులోకి ఫంగస్ చేరుతుంది. నల్లగుడ్డు మీద తెల్ల చుక్క కనిపించిందంటే పుండు మొదలైనట్టే. అప్పుడు స్టెరాయిడ్ చుక్క పడితే ఎరుపు తగ్గినట్టు కనిపించి, లోపల పుండు తినేస్తుంది. మెడికల్ షాపులో "ఎరుపుకి ఏదైనా ఇవ్వు" అంటే చేతికొచ్చేది చాలాసార్లు అదే. దురద ఎలర్జీ ఉన్న పిల్లలకి నెలల తరబడి అదే వేసి నీటికాసులు తెచ్చుకున్న ఇళ్ళూ ఉన్నాయి. నూర్పిడి మిషను దగ్గర మామూలు ప్లాస్టిక్ కళ్ళద్దాలు పెట్టుకున్నా ఎంతో మేలు.

సున్నం సంగతి వేరే చెప్పాలి. కిళ్ళీకి, ఖైనీకి వాడే సున్నం పొట్లం పిల్లలు నొక్కితే చిమ్మి నేరుగా కంట్లో పడుతుంది. అది మంట పెట్టి ఊరుకోదు, కంటిని కాల్చుకుంటూ లోపలికి పోతుంది. ఆటో కోసం వెతకకండి. ముందు పిల్లవాణ్ణి కొళాయి కింద గానీ చెంబు కింద గానీ పడుకోబెట్టి, రెప్పలు విడదీసి, అరగంట పాటు ఆపకుండా నీళ్ళు పోయండి. రెప్ప కింద ఇరుక్కున్న ముద్దని తడి గుడ్డతో తీయండి. ఆ తర్వాతే బయల్దేరండి. బ్యాటరీ యాసిడ్ పడినా ఇదే.

చుట్ట కాల్చడానికీ కళ్ళకీ సంబంధం ఉందా?

ఉంది. పొగాకు శుక్లాన్ని తొందరపెడుతుంది, వయసు మళ్ళాక రెటీనా మధ్యభాగం దెబ్బతినే జబ్బుకీ దారి తీస్తుంది. మన వైపు అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే పెద్దమ్మలకి అంగుట్లో క్యాన్సర్ భయమూ ఉంది. కళ్ళకోసం వచ్చినప్పుడు నోరూ చూపించుకోండి.

ఎక్కడికి వెళ్ళాలి? ఒడిశా కార్డు విశాఖలో చెల్లుతుందా?

మొదటి పరీక్షకి దూరం వెళ్ళక్కర్లేదు. జిల్లా ఆసుపత్రుల్లో కంటి విభాగాలున్నాయి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కొరాపుట్‌లో సహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉన్నాయి. రాయగడలో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారి కేంద్రం ఉంది. పెద్ద చికిత్స కావాలంటే వాళ్ళవే భువనేశ్వర్, విశాఖపట్నం ఆసుపత్రులు. రెండూ 2006లో మొదలయ్యాయి. తెలుగులో మాట్లాడాలని చాలామంది రైలెక్కి విశాఖ పోతారు, అందులో తప్పు లేదు. కానీ "విశాఖ వెళ్ళే వీలు చిక్కాక చూద్దాం" అని ఏడాది గడిపేయడమే నన్ను బాధపెడుతుంది.

ఆంధ్రలోనూ తెలంగాణలోనూ కంటి వెలుగు పేరుతో పరీక్షలు జరిగినప్పుడు ఇచ్ఛాపురం చుట్టాలు చేయించుకున్నారు, రాష్ట్ర సరిహద్దుకి ఇవతల ఉన్న మనకి ఆ వరస లేదు. మనకి ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రులూ, జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద చేసే ఉచిత శుక్లాల ఆపరేషన్లూ ఉన్నాయి. ఆయుష్మాన్ కార్డు ఉంటే వేరే రాష్ట్రంలోనూ ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో పనిచేస్తుంది. అయితే ఏ చికిత్సకి వర్తిస్తుందో బయల్దేరేముందు ఫోన్ చేసి, అక్కడి ఆయుష్మాన్ మిత్రని (ఆ పథకం పని చూసే ఆసుపత్రి ఉద్యోగిని) అడిగి తెలుసుకోండి. ఆంధ్ర ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) అక్కడి కార్డు ఉన్నవాళ్ళకే.

ఒడియా సరిగ్గా రాని పెద్దవాళ్ళు డాక్టరుతో ఎలా మాట్లాడాలి?

"ఝాపసా దిశుచి" అంటే మసగ్గా కనిపిస్తోందని. "మోతియాబిందు" అంటే శుక్లం. డాక్టరు "ఉపరకు దేఖంతు" అంటే పైకి, "తళకు దేఖంతు" అంటే కిందికి చూడమని. ఈ నాలుగూ ఇంట్లోనే చెప్పి తీసుకెళ్ళండి. వాడే మందుల సీసాలు, మాత్రల అట్టలు, పాత కళ్ళజోడు, పాత చీటీలు ఒక సంచిలో వేసుకోండి.

ఏవి కనిపిస్తే అదే రోజు వెళ్ళాలి?

ఒక కంటి చూపు ఉన్నట్టుండి తగ్గడం, నొప్పి లేకపోయినా సరే. మెరుపులు, ఒక్కసారిగా బోలెడు నల్లచుక్కలు, పక్క నుంచి తెర దిగినట్టు ఉండడం, ఇవి రెటీనా ఊడుతున్న గుర్తులు. కంటికి దెబ్బ. ఒకటి రెండుగా కనిపించడం. పైన చెప్పిన సున్నం, తెల్లమచ్చ, వాంతులతో కంటినొప్పి.

మా అమ్మ రానంటోంది. "ఈ వయసులో నాకెందుకు, ఆ డబ్బు పిల్లలకి పెట్టు" అంటుంది.

దాదాపు ప్రతి ఇంట్లో ఒక అమ్మ ఇలా అంటుంది. నాన్నల్ని తీసుకొచ్చినంతగా అమ్మల్ని తీసుకురారు, నా ముందున్న కుర్చీలో 14 ఏళ్ళుగా చూస్తున్నాను. ఆమెతో వాదించకండి. మీ కళ్ళ పరీక్షకి తోడు రమ్మనండి. మీరు ముందు కూర్చుని చదవండి, లేచాక ఆ కుర్చీలో ఆమెని కూర్చోమనండి. ఒడియా అక్షరాల పట్టీ తీసేసి 'ఈ' పట్టీ పెట్టమని మాకు చెప్పండి, మిగతాది మేం చూసుకుంటాం.